199 డాలర్ల ఆన్‌లైన్ ఈఎస్‌ఏ లెటర్ కొనాలా? పిల్లికి అపార్ట్‌మెంట్, కుక్కకి విమానం

ఇర్వింగ్_అద్దెదారు

డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్. లీజులో పిల్లికి 400 డాలర్ల డిపాజిట్, నెలనెలా 35 డాలర్ల పెట్ రెంట్ రాశారు. ఆందోళన సమస్యకి ఏడాదిగా కౌన్సెలింగ్ నడుస్తోంది, మందులూ ఉన్నాయి. తెలిసినవాళ్లంతా ఒకటే సలహా ఇస్తున్నారు: ఏదో ఒక సైట్‌లో 199 కట్టు, పావుగంటలో ఈఎస్‌ఏ (ఎమోషనల్ సపోర్ట్ యానిమల్, అంటే మానసిక ఊరటనిచ్చే జంతువు) లెటర్ వస్తుంది, ఐడీ కార్డు, రిజిస్ట్రేషన్ నంబరు, జంతువుకి తొడిగే ఎర్ర వెస్ట్ కూడా పంపిస్తారు, ఇక ఎవరూ నోరెత్తరు అని.

నా ప్రశ్నలు మూడు. ఆ లెటర్ చెల్లుతుందా? దాంతో పిల్లిని విమానంలో ఉచితంగా తీసుకెళ్లొచ్చా? హైదరాబాద్‌లో ఇంట్లో ఉన్న లాబ్రడార్‌ని కూడా ఇదే పద్ధతిలో ఇక్కడికి తెచ్చుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లీజింగ్_డెస్క్

ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు సంగతి తేల్చేద్దాం. అమెరికాలో ఈఎస్‌ఏలకి గానీ సర్వీస్ డాగ్‌లకి గానీ ప్రభుత్వ రిజిస్ట్రీ అనేదే లేదు. వాళ్లిచ్చే నంబరు ఆ సైటు వాళ్ల జాబితాలో వరస నంబరు మాత్రమే. కార్డుకీ వెస్ట్‌కీ కూడా అంతే విలువ. పైగా లీజింగ్ ఆఫీసులో ఆ ప్లాస్టిక్ కార్డు టేబుల్ మీద పెట్టగానే అవతలివాళ్లకి అనుమానం మొదలవుతుంది.

మూడు వేరువేరు విషయాల్ని జనం ఒకటే గంపలో వేస్తున్నారు. సర్వీస్ డాగ్ అంటే వైకల్యం ఉన్న మనిషికి ఫలానా పని చేసిపెట్టేలా శిక్షణ పొందిన కుక్క. దీనికి ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం ఉన్న ఫెడరల్ చట్టం) వర్తిస్తుంది, షాపుల్లోకీ హోటళ్లలోకీ రానివ్వాల్సిందే. 2011 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అది కుక్కే అయ్యుండాలి (చిన్న జాతి గుర్రాలకి విడిగా ఒక వెసులుబాటు ఉంది, నవ్వకండి, నిజమే). ఈఎస్‌ఏకి శిక్షణ అక్కర్లేదు, పిల్లైనా కుందేలైనా కావచ్చు, కానీ దాని హక్కు ఇంటి గడప దాకానే. ఆ హక్కు ఇళ్ల విషయంలో వివక్షని అడ్డుకునే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ నుంచి వస్తుంది. ఇక థెరపీ డాగ్ యజమానికి కాదు, ఇతరుల కోసం ఆసుపత్రికో బడికో వెళ్లేది. పిలిచిన చోటికి వెళ్లడమే తప్ప దానికి ప్రత్యేక హక్కులేమీ లేవు.

మీ పిల్లికి కావాల్సింది రెండోది. మీకు ఇప్పటికే కౌన్సెలర్ ఉన్నప్పుడు 199 డాలర్లు ఎందుకు తగలేయడం? ఏడాదిగా చూస్తున్న మనిషి రాసిన అరపేజీ లెటర్ ముందు ఆ సైటు లెటర్ నిలబడదు. హడ్ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) 2020 జనవరిలో ఇచ్చిన నోటీసులోనే, ఎవరికి పడితే వాళ్లకి నాలుగు ప్రశ్నలడిగి డబ్బులు తీసుకుని సర్టిఫికెట్ అమ్మే సైట్ల కాగితం దానంతటది సరిపోదని రాశారు. ఆన్‌లైన్‌లో నిజంగా వైద్యం చేసే లైసెన్సున్న వాళ్ల లెటర్‌కి మాత్రం అడ్డు చెప్పలేదు. ఆ నోటీసుని 2025లో వెనక్కి తీసుకున్నారు, హడ్ మార్గదర్శకాలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి, అందుకని అడిగే నాటికి ఏది అమల్లో ఉందో చూసుకోండి. అసలు ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ మాత్రం 1968 నాటిది, వైకల్యం అందులోకి 1988 సవరణతో వచ్చింది.

అంగట్లో కొన్న లెటర్ ఎలా దొరికిపోతుందో చెప్తాను. పైన "సంబంధిత వారికి" అని ఉంటుంది. కింద అద్దెదారు పేరు మాత్రం వేరే ఫాంట్‌లో, కాస్త లావు అక్షరాల్లో ఉంటుంది. లైసెన్సు నంబరు ఇంకో రాష్ట్రానిది. ఫోన్ చేస్తే డాక్టరు ఆఫీసు కాదు, కాల్ సెంటర్ ఎత్తుతుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఏంటంటే, "ఏడీఏ ప్రకారం ఈ జంతువును అన్ని బహిరంగ ప్రదేశాల్లోకి, విమానాల్లోకి అనుమతించాలి" అనే వాక్యం. ఈఎస్‌ఏ గురించి తెలిసిన ఏ కౌన్సెలరూ ఆ వాక్యం రాయరు.

మీరు చేయాల్సింది ఇది. పిల్లిని తెచ్చేముందే మేనేజ్‌మెంట్‌కి ఈమెయిల్ పెట్టండి. "రీజనబుల్ అకామడేషన్ కోరుతున్నాను" (వైకల్యం దృష్ట్యా నియమంలో వెసులుబాటు అడుగుతున్నానని) అనే మాట అందులో తప్పకుండా ఉండాలి, లెటర్ జతచేయాలి. నోటిమాటగా అడిగినా చట్టప్రకారం అడిగినట్టే గానీ, రేపు మేనేజర్ మారితే నోటిమాటకి సాక్ష్యం ఉండదు. వాళ్లు మీ జబ్బు పేరు, మెడికల్ రికార్డులు అడగకూడదు. ఒప్పుకున్నాక డిపాజిట్, పెట్ రెంట్ రెండూ తీసుకోకూడదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అది పెంపుడు జంతువు కాదు. జాతి, బరువు పరిమితులు కూడా వర్తించవు. అయితే కార్పెట్ చింపితే ఆ ఖర్చు మీదే, మామూలు సెక్యూరిటీ డిపాజిట్‌లోంచి కోస్తారు.

ఒక మినహాయింపు మనవాళ్లు తరచూ మర్చిపోతారు. నాలుగు లేదా అంతకంటే తక్కువ పోర్షన్లున్న బిల్డింగ్‌లో ఓనరు కూడా అక్కడే ఉంటే ఫెడరల్ చట్టం సాధారణంగా వాళ్లకి వర్తించదు. తెలిసినవాళ్ల ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. యూనివర్సిటీ డార్మ్‌లకి మాత్రం వర్తిస్తుంది. నెబ్రాస్కా యూనివర్సిటీ కెర్నీ క్యాంపస్ కేసులో 2013లో ఫెడరల్ కోర్టు ఆ మాటే చెప్పింది, 2015లో 1,40,000 డాలర్లతో రాజీ అయింది.

కౌన్సెలింగ్_గది

పైన చెప్పిన చట్టం అంతా సరే. లెటర్ రాసేవాళ్ల వైపు నుంచి కొంచెం.

సరైన లెటర్‌లో ఉండేవి కొన్నే: రాసినవారి పేరు, ఏ రాష్ట్రంలో ఏ లైసెన్సు, తేదీ, మీరు వాళ్ల దగ్గర చికిత్సలో ఉన్నారన్న మాట, రోజువారీ జీవితాన్ని గణనీయంగా దెబ్బతీసే సమస్య మీకుందన్న మాట, ఈ జంతువు ఆ సమస్యకి ఏ విధంగా సాయపడుతుందో ఒకటి రెండు వాక్యాలు. ఆ చివరిది లేకపోతే లెటర్ డొల్ల. "పిల్లి ఉంటే సంతోషంగా ఉంటుంది" అంటే చాలదు. సంతోషం అందరికీ ఉంటుంది. "రాత్రి ఆందోళన ఎక్కువై నిద్ర తెగిపోతుంది, పిల్లి పక్కనుండటం వల్ల మళ్లీ నిద్రపట్టే సమయం తగ్గింది" అంటే లక్షణానికీ జంతువుకీ లంకె కనిపిస్తుంది. కౌన్సెలర్‌ని అడిగేముందు రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏ రోజు ఏ లక్షణం, పిల్లి దగ్గరుంటే ఏం మారింది. వాళ్లకి రాయడం తేలికవుతుంది.

వాళ్లు రాయనని కూడా అనొచ్చు, కోపం తెచ్చుకోకండి. చికిత్స చేసే మనిషే తీర్పరిగా కూర్చోవడం ఇబ్బందని చాలామంది అనుకుంటారు. కాలిఫోర్నియాలో అయితే 2022 జనవరి 1 నుంచి ఏబీ 468 అనే చట్టం ఉంది. కుక్కకి ఈఎస్‌ఏ లెటర్ ఇవ్వాలంటే కనీసం 30 రోజుల ముందునుంచి ఆ మనిషి తమ దగ్గర క్లయింటుగా ఉండాలి, రాసేవారికి అక్కడి లైసెన్సు ఉండాలి. పావుగంట లెటర్ల వ్యాపారం మీద నేరుగా పడిన దెబ్బ అది. టెక్సస్‌లో 30 రోజుల నిబంధన లేదు, అందుకే మీకు ఆ ప్రకటనలు అంత ధైర్యంగా కనిపిస్తున్నాయి.

ఇక అసలు పని చేస్తుందా అంటే, ఏది ఎంతవరకు రుజువైందో విడదీసి చూడాలి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2019లో 249 మంది విద్యార్థుల మీద చేసిన పరిశీలనలో 10 నిమిషాలు కుక్కల్నీ పిల్లుల్నీ నిమిరినవాళ్లకి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. అది ఆ పూట ఉపశమనం, జబ్బు నయమవడం కాదు. యుద్ధం నుంచి వచ్చి పీటీఎస్‌డీతో (భయంకర అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) బాధపడే మాజీ సైనికుల్లో శిక్షణ పొందిన సర్వీస్ డాగ్ ఉన్నవాళ్లకి 3 నెలల్లో లక్షణాలు బాగా తగ్గాయని 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ పనిచేసింది శిక్షణ పొందిన కుక్క, మామూలు చికిత్సకి తోడుగా. మామూలు ఈఎస్‌ఏల మీద ఉన్న పరిశోధన చాలా పలుచన. కాబట్టి పిల్లి వచ్చింది కదా అని మందులు ఆపేయకండి.

నష్టం కూడా ఉంది, అది ఎవరూ ప్రకటనలో రాయరు. ఆందోళనకి ఇచ్చే చికిత్సలో భయపడే చోటికి మెల్లమెల్లగా వెళ్లి అలవాటు పడటం పెద్ద భాగం. జంతువు చేతిలో ఉంటేనే గడప దాటతాను అనే దశకి మనిషి వచ్చాడంటే, జంతువు ఊతకర్రలా కాకుండా సంకెలలా మారినట్టు. కొలత తేలిక: పిల్లి లేకుండా గ్రోసరీకి వెళ్లగలిగే రోజులు నెలనెలా పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? తగ్గుతుంటే కౌన్సెలర్‌కి చెప్పాలి. ఇంకోటి, రోజుకి 12 గంటలు బయటుండే షిఫ్టులో కుక్కని తెచ్చుకుంటే, మీ ఆందోళనకి దాని ఆందోళన తోడవుతుంది.

ఇర్వింగ్_అద్దెదారు

లెటర్ సంగతి అర్థమైంది, ఆ సైటు జోలికి వెళ్లను. విమానం మాటేంటి? నెమలిని కూడా ఎక్కించబోయారని చదివాను.

లీష్_కోచ్

ఆ నెమలి 2018 జనవరిలో న్యూయార్క్ దగ్గర నెవార్క్ విమానాశ్రయానికి వచ్చింది, యునైటెడ్ వాళ్లు ఎక్కించుకోలేదు. అలాంటివి పేరుకుపోయే రవాణా శాఖ నిబంధన మార్చింది. 2021 జనవరి 11 నుంచి విమానాల విషయంలో సర్వీస్ జంతువంటే శిక్షణ పొందిన కుక్క మాత్రమే. ఈఎస్‌ఏని మామూలు పెట్‌గా చూసే హక్కు ఎయిర్‌లైన్స్‌కి వచ్చింది. అంటే మీ పిల్లికి సీటు కింద పట్టే క్యారియర్ కావాలి, ఎయిర్‌లైన్ అడిగే పెట్ ఫీజు కట్టాలి. లెటర్ చూపిస్తే కౌంటర్‌లో చిరునవ్వు నవ్వి ఫీజు ఎంతో చెప్తారు.

నిజమైన సైకియాట్రిక్ సర్వీస్ డాగ్ అయితే రవాణా శాఖ ఫారం నింపాలి. కుక్క ఆరోగ్యం, ప్రవర్తన, శిక్షణ అందులో ఉంటాయి. ప్రయాణం 8 గంటలు దాటితే, దారిలో మలమూత్రాలకి పోదనో, పోయినా శుభ్రంగా చూసుకుంటాననో ఇంకో ఫారం. ముందే టికెట్ కొన్నవాళ్లని 48 గంటల ముందు ఫారం ఇమ్మని అడగొచ్చు. అబద్ధం రాస్తే అది ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం చెప్పడమే, వీసా మీద ఉన్నవాళ్లు ఆ మాట రెండుసార్లు చదువుకోవాలి. టెక్సస్‌లో కూడా 2023 సెప్టెంబరు నుంచి, శిక్షణ లేని కుక్కని తెలిసి తెలిసి సర్వీస్ డాగ్ అని చెప్పుకుంటే 1,000 డాలర్ల దాకా జరిమానా, 30 గంటల సమాజ సేవ.

"శిక్షణ" అంటే ఏంటో ఒక ఉదాహరణ. పానిక్ వచ్చినప్పుడు ఒళ్లో బరువు మోపడం, దీన్నే డీప్ ప్రెషర్ అంటారు. సోఫాలో కూర్చుని తొడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టండి. కుక్క ముందుకాళ్లు పైకి పెట్టగానే మెత్తని ట్రీట్. రెండు సెకన్లు ఆగాక ఇంకోటి. అలా 5, 10, 30 సెకన్లకి పెంచుకుంటూ పోవాలి, రోజుకి మూడు విడతలు, ఒక్కోటి 5 నిమిషాలు మించకుండా. 2 నిమిషాలు నిలబడ్డాక తొడల మీద అడ్డంగా పడుకోబెట్టడం. దిగమనే మాట కూడా మొదటి వారంలోనే నేర్పాలి, లేకపోతే 28 కిలోల లాబ్రడార్‌ని మీరు దింపలేరు. ఇదంతా అయ్యాకే అసలు గుర్తుకి ముడిపెట్టాలి: మోకాలు వణికించడం, చేతుల్లో ముఖం దాచుకోవడం. ముందు గుర్తు, ఒక సెకను ఆగి తొడ తట్టడం. కొన్ని వారాలకి తట్టకముందే వచ్చేస్తుంది. అప్పుడు అది "పని".

చెడేది ఎక్కడంటే, నిజంగా ఏడుస్తున్నప్పుడే శిక్షణ మొదలుపెడతారు. అప్పుడు కుక్క నేర్చుకునేది యజమాని భయాన్ని. ఏడుపు వినగానే తోక ముడుచుకుని పక్క గదికి పోతుంది. మనసు నిబ్బరంగా ఉన్న రోజున, నటించి నేర్పాలి. రెండో తప్పు, ఈ ఒక్క పని వచ్చింది కదా అని కాస్ట్‌కో లాంటి పెద్ద షాపుకి తీసుకెళ్లడం. కింద పడ్డ చికెన్ ముక్కని వదిలేయడం, ట్రాలీ పక్కనుంచి పోతున్నా చలించకపోవడం, ఇంకో కుక్క మొరిగినా తిరిగి చూడకపోవడం, ఇవి ఏడాదిన్నర, రెండేళ్ల పని. సంస్థలు ఏరికోరి పెంచిన కుక్కల్లోనే చాలా భాగం మధ్యలో తప్పుకుంటాయి.

షాపులో సిబ్బంది రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఏ పనికి శిక్షణ ఇచ్చారు? కాగితాలు అడగకూడదు, చేసి చూపించమనకూడదు. రెండో ప్రశ్నకి "నాకు ధైర్యంగా ఉంటుంది" అని చెప్తే అది ఈఎస్‌ఏ, బయటికి పంపొచ్చు. నిజమైన సర్వీస్ డాగే అయినా అదుపు తప్పి యజమాని ఆపకపోతే, లేదా లోపల పాడుచేస్తే పంపేయొచ్చు, ఇది చాలామంది మేనేజర్లకి తెలియదు. వెస్ట్ కొనుక్కుని వచ్చే మామూలు కుక్కల వల్ల అసలు దెబ్బ చూపులేనివాళ్లకి. గైడ్ డాగ్ మీద అలాంటి కుక్క ఒక్కసారి పడి కరిస్తే, గాయం మానినా ఇంకో కుక్క కనబడగానే అది బిగుసుకుపోతుంది. దారి చూపించాల్సిన కుక్క రోడ్డు మధ్యలో ఆగిపోతే దాన్ని రిటైర్ చేయక తప్పదు.

వెటర్నరీ_హైద్

లాబ్రడార్ ప్రశ్న మిగిలింది కదా. ఈఎస్‌ఏ అన్నా సర్వీస్ డాగ్ అన్నా సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) నిబంధన మారదు. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి ఇండియాలో టీకా వేసిన కుక్కకి ఇవి కావాలి: 6 నెలల వయసు నిండాలి, ఐఎస్‌ఓ మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), రేబిస్ టీకా, ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన టీకా ఫారం, సీడీసీ ఆమోదించిన ల్యాబ్‌లో రక్తంలో యాంటీబాడీల పరీక్ష, సీడీసీ నమోదు చేసుకున్న జంతు సంరక్షణ కేంద్రంలో బుకింగ్, ఆన్‌లైన్ దిగుమతి ఫారం. ఆ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆ విధానం మొదలైనప్పటి జాబితాలో అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజిలిస్, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్ ఉన్నాయి, డాలస్ లేదు. టికెట్ కొనేముందు జాబితా మళ్లీ చూడండి.

తప్పు జరిగేది వరసలో. చిప్ ముందు, టీకా తర్వాత. టీకా వేసిన రోజు చిప్ లేకపోతే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలి. మొదటి టీకా తర్వాత కనీసం 30 రోజులకి రక్తం తీయాలి, తీసిన రోజు నుంచి 28 రోజులు గడిచాకే అమెరికాలో అడుగుపెట్టాలి. ఫలితం మిల్లీలీటరుకి 0.5 ఐయూ లేదా ఆపైన రావాలి. పరీక్ష చేయించకుండా వెళ్తే అక్కడ 28 రోజుల క్వారంటీన్, ఖర్చు మీది. మొత్తానికి మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పిల్లులకి సీడీసీ ఈ తతంగం అడగదు, చూడటానికి ఆరోగ్యంగా ఉంటే చాలు. రాష్ట్రాల నిబంధనలు, ఎయిర్‌లైన్ నిబంధనలు వేరే.

ఇండియాలో ఈఎస్‌ఏ అనే చట్టపరమైన హోదాయే లేదు. హైదరాబాద్‌లో కూడా ఎవరో ఆన్‌లైన్‌లో "ఈఎస్‌ఏ సర్టిఫికెట్" అమ్ముతున్నారు, అది ఫ్రేము కట్టించుకోవడానికే. అవసరమూ లేదు: జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ ఓటుతో కూడా సొసైటీ కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ ఆపకూడదు. రైల్లో ఏసీ ఫస్ట్‌క్లాస్‌లో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరున ఉంటేనే కుక్క మీతో వస్తుంది, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్. లెటర్ చూపిస్తే టీసీ కరగడు.

థెరపీకి వృద్ధాశ్రమానికో స్పెషల్ స్కూలుకో కుక్కని తీసుకెళ్దామని ఇక్కడ చాలామంది అడుగుతున్నారు, మంచి ఆలోచనే. అమెరికాలో 1977 నుంచి ఉన్న పెట్ పార్ట్‌నర్స్ అనే థెరపీ జంతువుల సంస్థ నిబంధనలు ఇక్కడా పనికొస్తాయి. కుక్కకి ఏడాది వయసు నిండాలి, రోజుకి 2 గంటలు మించకూడదు, వెళ్లే ముందు 24 గంటల్లోపు స్నానం, పచ్చిమాంసం తినే కుక్క వద్దు (సాల్మొనెల్లా మలంలో వస్తుంది, ముసలివాళ్లకి ప్రమాదం). గోళ్లు కత్తిరించి ఆకురాయితో అంచులు నున్నగా రుద్దండి, వయసు మళ్లినవారి చర్మం కాగితంలా చిరుగుతుంది. ఏటా రేబిస్, లెప్టో టీకాలు, మూడు నెలలకోసారి నట్టల మందు. ముట్టుకునేముందూ తర్వాతా అందరికీ శానిటైజర్. పుండ్లకి కట్టు కట్టినవాళ్లు, కీమోలో ఉన్నవాళ్ల దగ్గరికి డాక్టరు సరేనంటేనే.

కుక్క మొహం చూడటం నేర్చుకోండి. నిద్ర లేకుండానే ఆవలింత, ఆహారం లేకుండానే పెదాలు నాక్కోవడం, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఒక ముందుకాలు ఎత్తి నిలబడటం. వీటిలో రెండు కలిసి కనబడితే చాలు, బయటికి తీసుకొచ్చేయాలి. "అబ్బ, ఎంత బుద్ధిగా కూర్చుంది" అని అందరూ మెచ్చుకునే కుక్క చాలాసార్లు భయంతో బిగుసుకుపోయిన కుక్కే. మే నెలలో ఎండకి కారు దిగి నేరుగా ఏసీ హాల్లోకి తీసుకొచ్చి, ఒళ్లు సర్దుకోకముందే నలభైమంది పిల్లల మధ్య కూర్చోబెడితే ఏ కుక్కైనా అలాగే అవుతుంది.

ఇర్వింగ్_అద్దెదారు

చాలా థాంక్సండీ అందరికీ. చివరిగా ఒకటి. లెటర్ వచ్చి మేనేజ్‌మెంట్ ఒప్పుకున్నాక, రూమ్మేట్‌కి పిల్లి బొచ్చు పడదని తేలితే?

లీజింగ్_డెస్క్

మేనేజ్‌మెంట్ ఒప్పుకోలు మీకూ వాళ్లకీ మధ్య. రూమ్మేట్ అదే లీజు మీద సంతకం పెట్టిన మనిషైతే ఆయన అలర్జీ కూడా ఒక ఆరోగ్య సమస్యే, ఆయనా అకామడేషన్ అడగొచ్చు. అప్పుడు ఆఫీసువాళ్లు సాధారణంగా చేసేది ఇద్దరిలో ఒకరికి వేరే యూనిట్ చూపించడం, అదీ ఖాళీ ఉంటే. అందుకని ఈమెయిల్ పెట్టకముందే ఆయన్ని పిల్లి ఉన్న స్నేహితుల ఇంట్లో రెండు మూడు గంటలు కూర్చోబెట్టి చూడండి. ఆస్తమా ఉంటే ఆ ప్రయోగం కూడా వద్దు, నేరుగా అలర్జీ టెస్ట్‌కి పంపండి. పడుతుందని తేలినా లిట్టర్ బాక్స్ ఏసీ రిటర్న్ గ్రిల్ దగ్గర పెట్టకండి, వాసనా దుమ్మూ ఇల్లంతా తిరుగుతుంది. ఫిల్టర్ మార్చే పని మీ లీజులో ఎవరిదని రాసుందో ఇవాళే చూసుకోండి.